ఎనిమిదో మజిలీలో తడవని నేల

కేతకీదేశపు యువరాజు సమరకేతుడు ఎర్రబాట మీద తొలి అడుగు వేసిననాడు ఆయన వెనక నాలుగువందల మంది నడిచారు. వంటవాళ్లు, వందిమాగధులు, గొడుగు పట్టేవాళ్లు, ఆఖరికి మీసానికి నూనె రాయడానికని ప్రత్యేకంగా ఒకడు. దారిపొడుగునా ఒక్కొక్కరే రాలిపోగా, ఏడో మజిలీలో తెల్లవారి ఆయన కళ్లు తెరిచేసరికి ఆ మీసం ఒక్కటే వెంట మిగిలింది. అదీ నూనె లేక చీపురుపుల్లల్లా విడిపోయింది.

“ఓరీ ముత్తా, మా పరివారం ఎక్కడరా?” అని పక్కనున్న నీటిజాడగాణ్ని నేల మీద పడుకునే అడిగాడు.

“అదుగో దొరా, వరసలో నించున్నారు. తమరి కొలువులో ఏనాడూ ఇంత కుదురుగా నించున్నది లేదు.”

బాట పక్కన నిన్న సాయంత్రం లేని ఆమడరాళ్లు పన్నెండు ఉన్నాయి. నడుమెత్తు నల్లరాళ్లు. ఒకదాని నెత్తిన వంటవాడి తలగుడ్డ చుట్లు రాతిలోనే తేలి కనిపిస్తున్నాయి. మరొకదాని మొదట్లో నూనెగిన్నె బోర్లాపడి ఉంది.

యువరాజు ముత్తడని పిలిచే ఆ మనిషి అసలు పేరు ముత్యాలి. బావులు తవ్వే చెలమయ్య కూతురు. నాలుగేళ్ల కిందట మరీచిముఖుడనే మాంత్రికుడు కేతకీదేశానికి వచ్చే తూర్పుమబ్బుల్ని గొర్రెల మందలా తోలుకుపోయి, ఎర్రబాట చివర పన్నెండో మజిలీలో ఉన్న తన కోటలో బంధించాడు. ఆ కోట తలుపుకు ఒకటే నియమం. పన్నెండు మజిలీలూ తన కాళ్లతో తాను నడిచి వచ్చినవాడికే అది తెరుచుకుంటుంది. గుర్రమెక్కినా, పల్లకి ఎక్కినా, పక్కవాడి వీపెక్కినా, నేలకూ మనిషికీ మధ్య మోసేది ఇంకేది వచ్చినా ఆ మనిషి ఎక్కడివాడక్కడ రాయైపోతాడు. ఆ బాట పొడుగునా నిలిచిన రాళ్లన్నీ అలా పుట్టినవే.

కిందటేడు మహారాజు చెలమయ్యను కొందరు కూలీలతో ముందుగా పంపాడు, కొడుకు నడవబోయే దారిలో మజిలీకొక బావి తవ్వి పెట్టమని. చెలమయ్య వెళ్లాడు, తిరిగి రాలేదు. వెతకడానికి మహారాజు ఒక్క మనిషినైనా పంపలేదు. కొడుకు గెలిచి వచ్చినట్టు కావ్యం మాత్రం ముందే రాయించి పట్టుబట్టలో చుట్టి దాచుకున్నాడు. అది విన్ననాడే ముత్యాలి జుట్టు కత్తిరించుకుని, పంచె బిగించి కట్టి, నీటిజాడ చెప్పే ముత్తడినని చెప్పి యువరాజు పరివారంలో చేరింది. ఆమెకు కావలసింది తండ్రి. యువరాజు గెలుపూ ఓటమీ ఆమెకు చెప్పుకింద ఇసుక.

“అసలేమయిందిరా వీళ్లకు?” అన్నాడు యువరాజు లేచి కూర్చుని.

“బావికాడ చెలమ తవ్వుతా చూశాను దొరా. పొద్దు పొడవగానే ఒంటెలొచ్చాయి. నేలకి కాళ్లానని ఒంటెలు. గొంతొకటి వంటాయన్ని పట్టుకుని ‘మంత్రివర్యా, దయచెయ్యండి’ అంది. గరిటె తప్ప గంటం పట్టని మనిషి, ఆ మాట వినంగానే ఎగిరి కూచున్నాడు. ఆయన మంత్రయ్యాక తక్కినోళ్లు బంట్లుగా ఉంటారా? వద్దని నేనరిచిన అరుపు ఒక్కడికీ ఆనలేదు.”

యువరాజు ఆ రాళ్లకేసి చూసి, “మమ్మల్ని ఎందుకు పిలవలేదు?” అన్నాడు.

“తమరు గురకపెడతా ఉన్నారు. పొగడ్త చెవిన పడాలంటే మెలకువన్నా ఉండాల గదా.”

ఆయనకు ఆ మాట తిట్టో కాదో తెలియలేదు. రాజభవనంలో పెరిగినవాళ్లకు తిట్టు గుర్తుపట్టడం అలవాటుండదు. వెనక్కి మళ్లుదామన్నాడు. వెనక ఏడు మజిలీలు, ముందు అయిదే ఉన్నాయని ఆమె గుర్తుచేసింది. పైగా వెనక చుక్క నీరు లేదు. చెలమయ్య తవ్విన బావులు ఏడూ ఎవరో ఇసుకతో పూడ్చేశారు. ఊరికే పోసి పోలేదు. పొర మీద పొర వేసి, తొక్కి, మట్టం చేసి మరీ పూడ్చారు. ప్రతి మజిలీలోనూ ఆ కనపడని చేతుల్ని ముత్యాలి నోరారా తిడుతూనే ఉంది. ‘పాపిష్టి ముండాకొడుకు, పని మాత్రం తెలిసినోడు’ అని ఈ ఉదయం కూడా తిట్టింది. ఎంత తవ్వినా దొరికింది సగం తిత్తెడు బురదనీళ్లు.

ఆ తిత్తిని భుజాన వేసుకుని, చేతిపార చేతపట్టి ఆమె పడమటికి నడిచింది. ఒంటరిగా ఉండటానికి భయపడి యువరాజు వెంట నడిచాడు. ఆ భయాన్ని ఆయన ‘సాహసించి ముందుకు సాగుట’ అన్నాడు.

ఎర్రబాట అక్కడినుంచి మరీ ఎర్రనవుతుంది. కుంకుమ ఆరబోసినట్టు ఇరువైపులా తిన్నెలు. వాటి మీద గాలి గీసిన గీతలు పట్టుచీర మడతల్లా ఒకదాని వెనక ఒకటి కదిలిపోతుంటాయి. దూరాన పగడపు కొండలు, వాటి నడుమ వెండి పోతపోసినట్టు మెరిసే సరస్సులు, సరస్సుల మీద రాజహంసల బారులు. చూడవచ్చినవాడి కళ్లకు పండగ. తాగవచ్చినవాడికి మాత్రం అందులో నాలుక తడవడానికి ఒక్క బొట్టయినా లేదు. అంతా ఎండమావే. ఇంత సింగారించుకుని ఒక్క గుక్క నీళ్లు పుట్టించలేని నేలను చూస్తే ముత్యాలికి మహారాజుగారి కొలువే గుర్తొచ్చింది.

జాము గడిచేసరికి యువరాజు పాదాలు పగిలాయి. ముత్యాల కుట్టుపని చేసిన ఆయన జోళ్లు మూడో మజిలీలోనే విడిపోయాయి. తర్వాత వేసుకున్నవి పరివారంలో ఎవరివో.

“ముత్తా, కొంతదూరం మమ్మల్ని మోయరాదా?”

“మోస్తాను దొరా. వీపెక్కిన మరుక్షణం తమరు రాయైపోతారు. రాతిని మొయ్యడం నాకు కష్టం, రాతి కిందపడి చావడం ఇంకా కష్టం.”

“నీకు వినయం లేదు.”

“ఉండేది దొరా. అయిదో మజిలీలో నీళ్లతోపాటే అయిపోయింది.”

యువరాజు తలపాగా విప్పాడు. జరీ అంచు పట్టుకుని పరపర చించి రెండు పాదాలకూ చుట్టుకున్నాడు. కిరీటం కింద కట్టే బట్టను కాళ్లకు చుట్టుకున్నవాడు కేతకీ రాజవంశంలో అంతకుముందు లేడు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తల వంచుకుని నడిచాడు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగరబోయినట్టుంది అని ముత్యాలి మనసులో నవ్వుకుంది. ఎంతదూరం నడుస్తాడో చూద్దామనుకుంది.

సూర్యుడు నడినెత్తికి వచ్చేవేళకు తిన్నె మలుపులో సత్రం కనిపించింది.

చందనపు స్తంభాలు, స్తంభాలకు పాకిన సన్నజాజి తీగలు, ముంగిట గున్నమామిడి తోపు. మండువాలో బంగారు గొలుసుల మీద ఉయ్యాలబల్ల, దాని మీద హంసతూలికా తల్పం. రెండు వింజామరలు పట్టేవాళ్లు లేకుండానే వీస్తున్నాయి. గుమ్మంలో తెల్లని గడ్డంతో ఒక పెద్దమనిషి వెండిచెంబు పట్టుకుని నిలబడ్డాడు.

“రండి మహావీరా, రండి. ఏడు మజిలీలు ఏకాంగిగా గెలిచిన సమరకేతు చక్రవర్తులు తమరేనా? తమ అడుగుల చప్పుడుకే ఈ ఎడారి వణికిపోతోంది.”

ఎండకు వాడిన యువరాజు ముఖం ఒక్కసారిగా విప్పారింది. ఏకాంగి కాదనీ, చక్రవర్తి కాదనీ, వణికింది ఎడారి కాదు తన మోకాళ్లేననీ ఆయన అనలేదు.

“తామరల్లాంటి ఆ పాదాలు కందిపోయాయే. ఇలా వచ్చి ఈ ఉయ్యాల మీద ఆసీనులు కండి. రథం కాదు, గుర్రం కాదు, ఎక్కడికీ తీసుకుపోదు. ఉన్నచోటనే ఊగుతుంది.”

యువరాజు గుమ్మం దాటాడు. ముత్యాలి మాత్రం ఉయ్యాల వైపు చూడలేదు. బావులవాళ్ల పిల్ల కనుక ముందు నేల చూసింది. మామిడి మొదళ్లలో ఒక్క చీమ లేదు. అంత తోపులో ఒక్క పిట్ట కూయడం లేదు. ఆమె చేయి చాచి పెద్దమనిషి చేతిలోని చెంబు లాక్కుంది. నీళ్లన్నీ నేల మీద గుమ్మరించింది. నీళ్లు తళతళా జారి ఇసుకలోకి పోయాయి. ఇసుక రంగు మారలేదు. పొడిగా, ఎర్రగా, ఎలా ఉన్నది అలాగే ఉంది.

“నీళ్లు పోస్తే తడవని నేలని మా ఊళ్లో పాలుతాగే పిల్లలు కూడా నమ్మరు తాతా. పనితనం చాల్లేదు. దొరా, కూచోమాక.”

యువరాజు అప్పటికే ఉయ్యాలకు వీపు తిప్పి వంగాడు. ముత్యాలి ఒక్క ఉదుటున లోపలికి దూకి ఆయన నడికట్టు పట్టి లాగింది. ఇద్దరూ నేల మీద బోర్లాపడ్డారు. వాళ్లు పడిన చోట సత్రం లేదు. చందనపు స్తంభాలు పొగలా లేచిపోయాయి. ఉయ్యాల గొలుసులు రెండు పాములై ఇసుకలోకి దూరాయి. తోపు ఉన్నచోట ఎండిన నాగజెముడు డొంక మిగిలింది.

పెద్దమనిషి మాత్రం పోలేదు, పెరిగాడు. తాటిచెట్టంత ఎత్తున వేడిగాలిలా వణుకుతూ నిలబడ్డాడు. ముఖం ఉండవలసిన చోట మెరుపు తప్ప కన్నూ ముక్కూ ఏమీ లేవు.

“మరీచిముఖుడు” అన్నాడు యువరాజు.

“ముఖం లేనోడికి ఆ పేరొకటి” అంది ముత్యాలి ఒంటి మీది ఇసుక దులుపుకుంటూ.

మాంత్రికుడు నవ్వాడు. “చెలమయ్య కూతురా, నీ నోరు మీ నాయన నోటిలాంటిది కాదు. ఆయన చాలా మెత్తని మనిషి.”

యువరాజు తల తిప్పి చూశాడు. “కూతురా? ఓరీ ముత్తా, నీవు ఆడదానివా?”

“ఏడు మజిలీలు నడిచాక అడుగుతున్నారా దొరా? నడకలో ఏం తేడా వచ్చింది?”

ఆ మాట ఆమె నోట ఉండగానే మాంత్రికుడు పక్కకు జరిగాడు. అతని వెనక బావి ఉంది. అది మాయ కాదు. రాళ్లు పేర్చి కట్టిన ఒడ్డు, ఒడ్డు మీద తాళ్లు ఒరిసిన జాడలు. బావి పక్కన ఒక ముసలివాడు తట్టతో ఇసుక ఎత్తి లోపల పోస్తున్నాడు. పోసి, కర్రతో కుదించి, మళ్లీ ఎత్తుతున్నాడు. ఎముకలగూడు మీద చర్మం కప్పినట్టున్న మనిషి. అరచేతుల నిండా పుండ్లు. ఆ మనిషి ముఖంలో మాత్రం పెళ్లికొడుకు ముఖంలో ఉండే కళ ఉంది.

ముత్యాలి కాళ్లు ఆగిపోయాయి. ఏడు మజిలీలుగా తాను నోరారా తిట్టిన చేతులు అవి.

“నాయనా.”

చెలమయ్య తలెత్తి చూసి నవ్వాడు. “చూడు బాబూ, ఎంత లోతు తవ్వానో. ఇంకో నిలువు తవ్వితే జల పడతది.”

“నేను ముత్యాలిని నాయనా. నువ్వు తవ్వట్లేదు, పూడుస్తున్నావు.”

“పాపం చిన్నవాడు, తెలియదు” అన్నాడు మరీచిముఖుడు తేనె పూసిన గొంతుతో. “చెలమయ్యా, ముల్లోకాల్లో నీ అంత బావితవ్వేవాడు లేడు. విశ్వకర్మ నీ పార కడగడానికి చాలడు. ఆపకు.”

ముసలివాడి వీపు నిటారయింది. తట్ట మళ్లీ ఇసుకలో దిగింది. ముత్యాలికి అప్పుడు సంగతి అర్థమైంది. తాళ్లూ గొలుసులూ ఏమీ లేవు. వంటవాణ్ని మునగచెట్టు ఎక్కించినట్టే నాయన్నీ ఎక్కించాడు. రోజూ ఇంత పొగడ్త వేసి ఏడాదిపాటు మేపాడు. బతిమాలితే, ఏడిస్తే, కాళ్ల మీద పడితే ఈ మాయ వీడదు. అవన్నీ ఒకరకం మర్యాదలే.

ఆమె కళ్లు తుడుచుకుంది. నడుం మీద చేయి వేసుకుని బావి ఒడ్డుకు వెళ్లి లోపలికి తొంగిచూసి కాండ్రించి ఉమ్మేసింది.

“దీన్ని బావంటారా? మా ఊళ్లో కుక్కలు ఇంతకన్నా మంచి గొయ్యి తవ్వుకుని పడుకుంటాయి.”

చెలమయ్య చేతులు ఆగాయి.

“ఒడ్డు చూడు, గూనిముసలిదాని నడుంలాగా. ఎవడు నేర్పాడు నీకు పని? నూతిమట్టం తెలీదు, ఇసుకపొర తెలీదు. తవ్విన మట్టి ఏ పక్కన పోయాలో తెలీదు. బావిలోనే పోసుకుంటున్నావు. ముప్ఫైయేళ్లు ఈ పార పట్టానని ఊరంతా చెప్పుకు తిరిగావే, సిగ్గు లేదా?”

“విశ్వకర్మ వారసుడా, ఆ మాటలు వినకు” అన్నాడు మాంత్రికుడు. అతని గొంతులో తేనె కొంచెం తగ్గింది.

“విశ్వకర్మంట” అంది ముత్యాలి. “మట్టి ఏ పక్కకి పోయాలో తెలీనోణ్ని విశ్వకర్మంటే వినేవాడికి బుద్ధుండాల. నువ్వు మా అమ్మకి తవ్విచ్చిన పెరటిబావి వాన పడితే కూలిపోయింది. అది తెలుసా నీకు?”

ముసలివాడి ముఖం మీది కళ చెదిరింది. “అబద్ధం” అన్నాడు. “నా పెరటిబావి కూలలేదు. దానికి సున్నంరాయి వేసి కట్టాను. అది కూలదు. ఎవతివే నువ్వు, నా బావిని...” అంటూ తట్ట విసిరేసి చేయెత్తాడు. ఎత్తిన చేతిని తనే చూసుకున్నాడు. పుండ్లు చూశాడు. బావిలోకి చూశాడు. సగానికి పైగా పూడిన తన బావిని చూసి మోకాళ్ల మీద కూలబడ్డాడు.

“ముత్యాలీ. ఎన్ని పూడ్చానే తల్లీ?”

“తర్వాత చెబుతాను నాయనా. లే.”

పెరటిబావి కూలలేదు. ఊరంతా ఆ నీళ్లే తాగుతోంది.

మరీచిముఖుడు పొగడటం మానేశాడు. రెండు చేతులూ చాచి బాట అంచులు పట్టుకుని, నేల మీద పరిచిన చాపను లాగినట్టు లాగాడు. ఎర్రబాట కదిలింది. ఇసుక ఏరులా తూర్పుకి పారడం మొదలుపెట్టింది. ముత్యాలి పాదాలు తన ప్రమేయం లేకుండా జరిగాయి. ఆ క్షణమే కాలి బొటనవేలు చల్లబడి, నల్లబడి, బరువెక్కింది.

“నడవండి” అని అరిచింది. “నిలబడితే బాట మనల్ని మోసుకుపోతున్నట్టే. ఎదురు నడవండి.”

ఆమె పారుతున్న ఇసుకకు ఎదురు నడిచింది. బొటనవేలికి మళ్లీ రక్తం వచ్చింది. ఇసుక వాళ్లను అప్పటికే పది బారల దూరం లాగేసింది. బావి మాత్రం రాతినేల మీద కదలకుండా ఉంది. ముసలివాడు ఇంకా మోకాళ్ల మీదే ఉన్నాడు, ఇసుక ఆయన్ని లాక్కుపోతోంది. మోకాళ్లు అప్పుడే బూడిదరంగు తిరిగాయి. ఎత్తుకుంటే రాయవుతాడు, వదిలేసినా రాయవుతాడు.

ముత్యాలి వెనక్కి తిరిగేలోపే యువరాజు ముసలివాడి ఎదుటికి చేరాడు. రెండు చేతులూ పట్టుకుని లేపి నిలబెట్టాడు. తాను వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ ఆయన్ని ముందుకు నడిపించాడు, తప్పటడుగుల పిల్లవాణ్ని దాది నడిపించినట్టు.

“అడుగు వెయ్యి తాతా. ఎడమది. ఇప్పుడు కుడిది. మాకు పాదాల్లేవు, అయినా నడుస్తున్నాం. ఎడమది వెయ్యి.”

పాదాలకు చుట్టిన జరీబట్ట నెత్తుటితో తడిసి ఊడిపోయింది. ఆయన వేసిన ప్రతి అడుగుకూ ఇసుక మీద ఎర్రని ముద్ర పడింది, పారే ఇసుక దాన్ని తుడిచేసింది. ఆగలేదు. పది బారలు నడవడానికి ఒక యుగం పట్టినట్టయింది. ముసలివాడి మోకాళ్ల బూడిదరంగు మెల్లగా విడిచింది.

ముత్యాలి ఆ నడక చూసింది. ఏదో అనాలని నోరు తెరిచింది. ఏడు మజిలీలుగా ఎన్నడూ కరువు రాని ఆ నోటికి ఒక్క ఎత్తిపొడుపూ దొరకలేదు.

ముగ్గురూ రాతినేల ఎక్కారు. బావిలో ఒకవైపు, ఇసుక ఇంకా కప్పని చోట, గోడ రాళ్లలో కాలు పట్టేంత గూళ్లు కనిపించాయి.

“తాడు పట్టుకుని దిగితే వేలాడినట్టవుద్ది. గూళ్లలో కాళ్లు పెట్టి దిగండి” అన్నాడు చెలమయ్య. ఆయన గొంతు పనిమనిషి గొంతయింది. “రెండు నిలువుల కింద పక్కకి సొరంగముంది. జల కోసం పడమటి దిక్కుగా తొలిచాను. దాని నోరు ఇంకా పూడ్చలేదు.”

ముందు ముసలివాడు, తర్వాత యువరాజు దిగారు. ముత్యాలి ఒక కాలు గూటిలో పెట్టేసరికి నెత్తిన మెరుపు వంగి చూసింది.

“ముత్యాలీ” అని మళ్లీ తేనెగొంతుతో పిలిచాడు మరీచిముఖుడు. “నీలాంటి ధీర ఈ భూమ్మీద పుట్టలేదు. నా మాయను మాటతో విరిచిన మొదటిదానివి. పైకి రా. పన్నెండు మజిలీలకూ నిన్ను రాణిని చేస్తాను.”

ఆ మాట చెవిలో పడినప్పుడు ఎంత తియ్యగా ఉందో ఆమెకు ఒక్క క్షణం తెలిసింది. వంటవాడు ఎందుకు ఎగిరి కూర్చున్నాడో కూడా తెలిసింది. రెండో కాలు కింది గూటిలో పెట్టింది.

“నీ రాజ్యంలో ఉన్నది ఇసుక, ప్రజలు రాళ్లు. దాన్ని ఏలాలంటే రాణి దేనికి, చీపురు చాలు” అని కిందికి దిగిపోయింది.

పైనుంచి ఇసుక జలపాతంలా కురిసింది. ఆమె సొరంగంలోకి దూరిన క్షణానే బావినోరు మూసుకుపోయింది. లోపల వంగి నడవడానికి చాలినంత ఎత్తుంది. చెలమయ్య చెకుముకి కొట్టి వత్తి వెలిగించాడు. గోడ చెమర్చి ఉంది. ముత్యాలి అరచేయి ఆనించి, ఆ తడిని నాలుకకు రాసుకుంది. మూడు దినాల తర్వాత దొరికిన, బురద కలవని తడి. తిత్తిలో మిగిలిన బురదనీళ్లు ముందు యువరాజుకి ఇచ్చింది. ఆయన ఒక్క గుక్క తాగి ముసలివాడికి ఇచ్చాడు.

“దొరా” అంది ఆమె. “ఆ కావ్యం రాసినోడు తమరి పాదాల సంగతి రాయలేదు గదా?”

“కమలాలన్నాడు” అన్నాడు యువరాజు గోడకు ఆనుకుని.

“వాడి మొహం.”

ఆయన మొదటిసారి నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆపేశాడు. సొరంగం చివర చీకట్లోంచి ఠంగు, ఠంగుమని చప్పుడొస్తోంది. ఎవరో అటునుంచి గునపంతో తొలుస్తున్నారు. దెబ్బ దెబ్బకీ దగ్గరవుతోంది. వత్తి వెలుగులో ఎదురుగా ఉన్న గోడ మీది మట్టి పెళ్లలుగా రాలింది.

“నాయనా, నీతో వచ్చినోళ్లలో ఎవరన్నా మిగిలారా?”

చెలమయ్య వత్తి ఎత్తి పట్టుకున్నాడు.

“ఒక్కడూ మిగల్లేదమ్మా. అందరూ రాళ్లయిపోయారు. నా కళ్లతో చూశాను.”

ముత్యాలి చేతిపార రెండు చేతులా పట్టుకుని ముందుకు నడిచింది. గోడలోంచి గునపం మొన బయటికొచ్చింది. దాని వెనకనే, దాన్ని పట్టుకున్న నల్లరాతి చేయి.